నవ్వొచ్చిన చోట లెక్క తీస్తే

అమెరికాలో పెద్దల కోసం తీసే కార్టూన్ ధారావాహిక 'సౌత్ పార్క్'లో 1998 డిసెంబరులో ఒక ఎపిసోడ్ వచ్చింది. బెత్తెడంత మరుగుజ్జులు రాత్రిపూట ఇళ్ళలోకి దూరి లోదుస్తులు ఎత్తుకుపోతుంటారు. ఎందుకిలా చేస్తున్నారని పిల్లలు నిలదీస్తే, గర్వంగా ఒక చార్టు చూపించి తమ వ్యాపార ప్రణాళిక వివరిస్తారు. మొదటి దశ: లోదుస్తులు పోగుచేయడం. మూడో దశ: లాభం. రెండో దశ దగ్గర మాత్రం ఒక ప్రశ్నార్థకం ఉంటుంది. అక్కడేం చేయాలో వాళ్ళలో ఒక్కరూ చెప్పలేరు.

ఈ దృశ్యం ఇంటర్నెట్లోకి ఎక్కి పాతికేళ్ళకు పైగా తిరుగుతూనే ఉంది. కొత్త కంపెనీ ఏదైనా గొప్పలు చెప్పుకున్నప్పుడల్లా ఎవరో ఒకరు ఆ మూడు దశల చార్టును తెచ్చి కింద అతికిస్తారు. ఎంబీఏ క్లాసులో 'బిజినెస్ మోడల్' అనే మాటకు నిర్వచనం రాయించడానికి అరగంట పడుతుంది. ఈ బొమ్మ అదే సంగతిని అర నిమిషంలో పట్టిస్తుంది. డబ్బు ఎటునుంచి వస్తుందో చెప్పలేని పథకం ఎంత పెద్దదైనా, దాని నడుమ ఉన్నది ఆ ప్రశ్నార్థకమే.

ఆ ఎపిసోడ్ వచ్చిన సమయం కూడా గమనించదగ్గది. అవి అమెరికాలో డాట్‌కామ్ కంపెనీల మీద డబ్బు కుప్పలుగా పడుతున్న రోజులు. పెట్స్ డాట్ కామ్ అని కుక్కలకూ పిల్లులకూ తిండి, ఆటవస్తువులు ఇంటికి పంపే సంస్థ ఉండేది. మైకు పట్టుకున్న మేజోడు కుక్కబొమ్మ దాని ప్రచారకర్త. ఆ బొమ్మను దేశమంతా గుర్తుపట్టింది. 2000 జనవరిలో సూపర్ బౌల్ ఫుట్‌బాల్ పోటీ మధ్యలో, టీవీలో అత్యంత ఖరీదైన ప్రకటన సమయంలో అది కనిపించింది. ఫిబ్రవరిలో కంపెనీ షేర్లు అమ్మి 8.25 కోట్ల డాలర్లు తెచ్చుకుంది. నవంబరులో మూతపడింది.

బరువైన కుక్కతిండి సంచిని దూరాభారం పంపడానికయ్యే ఖర్చును కొనేవాడి దగ్గర రాబట్టలేక, కొన్నదానికన్నా తక్కువకు అమ్మి ఖాతాదారులను పోగుచేసుకోవడమే ఆ సంస్థ కొంప ముంచింది. ఒక్కో సంచి మీద నష్టం వస్తుంటే అమ్మకం పెరిగేకొద్దీ నష్టమూ పెరుగుతుంది. మన కిరాణా కొట్టు యజమానికి ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. కానీ ఆ కాలంలో అనుభవమున్న పెట్టుబడిదారులే దాన్ని పక్కన పెట్టేశారు. మరుగుజ్జుల చార్టునూ, పెట్స్ డాట్ కామ్ ఖాతాలనూ పక్కపక్కన పెట్టి పాఠం చెబితే విద్యార్థి మొదట నవ్వుతాడు, ఆ వెంటనే రెండో దశలో ఏ అంకె ఉండాలో వెతకడం మొదలుపెడతాడు. ఇంటర్నెట్ హాస్యాన్ని వ్యాపార పాఠాల్లోకి తీసుకురావాలనడానికి అసలు కారణం ఆ వెతుకులాటే. నవ్వించి ఊరుకుంటే క్లాసులో కాసేపు కాలక్షేపం అవుతుంది. ఎందుకు నవ్వు వచ్చిందో తవ్వితే, కంపెనీ చెప్పే మాటకూ చేసే పనికీ ఎక్కడ పొంతన కుదరలేదో బయటపడుతుంది.

హాస్యంతో చదువు చెప్పడం మీద పరిశోధనలూ జరిగాయి. తెల్ అవీవ్ విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వవేత్త అవ్నర్ జివ్ 1988లో ప్రచురించిన ప్రయోగం వాటిలో పేరున్నది. స్టాటిస్టిక్స్ కోర్సును ఒక బృందానికి పాఠంతో ముడిపడిన హాస్యంతోనూ, మరో బృందానికి హాస్యం లేకుండానూ సెమిస్టరంతా బోధించారు. చివరి పరీక్షలో హాస్యంతో విన్నవారికే ఎక్కువ మార్కులు వచ్చాయి. వేరే విద్యార్థులతో, వేరే సబ్జెక్టుతో మళ్ళీ చేసి చూసినా ఫలితం అదే. ఇక్కడ 'పాఠంతో ముడిపడిన' అన్న మాటను విడిచిపెట్టకూడదు. ఏదో ఒక మీమ్ తెచ్చి స్లైడు మూలన అతికిస్తే పిల్లలకు మీమ్ గుర్తుంటుంది, పాఠం గుర్తుండదు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ బిజినెస్ స్కూల్లో జెనిఫర్ ఆకర్, నవోమీ బాగ్డోనస్ హాస్యం మీద ఏకంగా ఒక కోర్సే నడిపారు. నాయకత్వంలో నవ్వుకు ఉన్న చోటేమిటో వివరిస్తూ 2021లో పుస్తకమూ తెచ్చారు.

బిజినెస్ స్కూళ్ళు నేరుగా పాఠంగా స్వీకరించిన ఇంటర్నెట్ జోకుల్లో ముందు చెప్పుకోవాల్సింది గిటారు కథ. కెనడా గాయకుడు డేవ్ కారల్ 2008 మార్చి 31న హాలిఫాక్స్ నుంచి ఒమాహా వెళ్తూ యునైటెడ్ ఎయిర్‌లైన్స్ విమానం ఎక్కాడు. షికాగోలో ఆగినప్పుడు, సిబ్బంది గిటార్లను విసిరేస్తున్నారని వెనక సీటులోని ప్రయాణికురాలు కేక వేసింది. దిగి చూస్తే అతని టేలర్ గిటారు విరిగిపోయి ఉంది. బాగు చేయించడానికి 1200 డాలర్లయింది. ఆ డబ్బు కోసం తొమ్మిది నెలలు ఒక విభాగం నుంచి మరో విభాగానికి తిరిగాడు. ఇరవై నాలుగు గంటల్లోగా ఫిర్యాదు చేయలేదు కాబట్టి ఏమీ ఇవ్వలేమని చివరి మాట చెప్పారు. అయితే దీని మీద మూడు పాటలు కడతానని అతనన్నాడు, అన్నట్టే చేశాడు.

2009 జూలై 6న మొదటి పాట యూట్యూబ్‌లో పడింది. మొదటి రోజే లక్షన్నర మంది చూశారు, ఆగస్టు నడిమికి ఆ సంఖ్య 50 లక్షలకు చేరింది. పాటలో కోపం లేదు. హాయిగా సాగే బాణీ, విమానాశ్రయ సిబ్బందిగా నటించే నేస్తాలు, గిటారు శవయాత్ర చేస్తున్నంత పెద్ద హడావుడి. అందుకే అది ఫిర్యాదులా కాకుండా వినోదంలా చేతులు మారింది. టేలర్ గిటార్ల కంపెనీ అతనికి రెండు గిటార్లు ఇస్తానని ముందుకొచ్చింది. పాటను తమ సిబ్బంది శిక్షణలో వాడుకుంటామని విమాన సంస్థ చెప్పింది. హార్వర్డ్ బిజినెస్ స్కూలు దీన్ని కేస్ స్టడీగా రాసింది.

ఈ కేసు చెప్పేటప్పుడు చాలామంది ఒక చోట తొందరపడతారు. పాట దెబ్బకు కంపెనీ షేరు 10 శాతం పడిందనీ, వాటాదారులు 18 కోట్ల డాలర్లు పోగొట్టుకున్నారనీ అప్పట్లో పత్రికల్లో వచ్చింది. వినడానికి భలేగా ఉంటుంది కాబట్టి నేటికీ మార్కెటింగ్ ఉపన్యాసాల్లో వినిపిస్తుంది. నిజంగా ధరలు చూస్తే, జూలై 6న 3.31 డాలర్ల దగ్గర మొదలైన షేరు 10వ తేదీకి 3.07కు దిగింది. ఆగస్టు 6కల్లా 6 డాలర్ల దాకా ఎక్కింది. ఆర్థిక మాంద్యంలో ఉన్న ఆ ఏడాది విమాన సంస్థల షేర్లన్నీ ఊగిసలాడుతూనే ఉన్నాయి. ఒకదాని వెనక ఇంకొకటి జరిగినంత మాత్రాన మొదటిది రెండోదానికి కారణమైపోదని బోధించడానికి ఇంతకన్నా మంచి సందర్భం దొరకదు. 1200 డాలర్లు మిగుల్చుకోబోయి సంస్థ పోగొట్టుకున్నది పేరు. ఆ నష్టాన్ని షేరు ధరలో చూపించబోతే పాఠం తప్పుతుంది. ఫిర్యాదు వినే ఉద్యోగికి ఎంత మొత్తం వరకు సొంతంగా తేల్చేసే అధికారం ఉండాలి? క్లాసులో చర్చకు రావలసింది ఈ ప్రశ్న.

2021 మార్చిలో ప్రపంచాన్ని నవ్వించిన ఫొటో మరొకటి ఉంది. సూయజ్ కాలువలో అడ్డం తిరిగి ఇసుకలో కూరుకుపోయిన 400 మీటర్ల పొడవైన ఎవర్ గివెన్ ఓడ, దాని ముక్కు దగ్గర మట్టి తవ్వుతున్న ఒకే ఒక్క ప్రొక్లెయినర్. ఓడ మీద 'నా ఆఫీసు పని' అనీ, ప్రొక్లెయినర్ మీద 'నేను' అనీ రాసుకుని కోట్లమంది పంచుకున్నారు.

సరఫరా గొలుసు అనే మాట ఆ వారంలో పాఠ్యపుస్తకం దాటి ఇళ్ళలోకి వచ్చింది. ప్రపంచ వాణిజ్యంలో సుమారు 12 శాతం అప్పట్లో ఆ కాలువ గుండానే సాగేది. మార్చి 23న ఇరుక్కున్న ఓడ 29న కదిలేలోపు వందల ఓడలు రెండు వైపులా బారులు తీరాయి. గోదాముల్లో సరుకు నిల్వ పెట్టడం దండగనీ, అవసరమైన రోజుకే తెప్పించుకుంటే ఖర్చు తగ్గుతుందనీ జపాన్‌లో టయోటా చూపించిన దారిని దశాబ్దాలుగా పరిశ్రమలన్నీ పట్టుకున్నాయి. దారి మూసుకుపోతే ఆ పొదుపు ఏమవుతుందో ఆ ఆరు రోజులు చూపించాయి. ఫొటో చూసి నవ్విన విద్యార్థికి ఇక్కడ ఇంకో ముడి కూడా విప్పి చూపించాలి. ఓడను కాపాడటానికైన ఖర్చును ఓడ యజమాని ఒక్కడే మోయడు. అందులో సరుకు వేసుకున్న ప్రతి వ్యాపారీ తన సరుకు విలువను బట్టి పంచుకోవాలి. సముద్ర వ్యాపారంలో ఇది శతాబ్దాల నాటి కట్టుబాటు, ఎవర్ గివెన్ యజమానులు దాన్నే అమలు చేశారు. పరిహారం తేలేదాకా, అంటే జూలై 7 వరకు, ఈజిప్టు ఓడను వదల్లేదు. బీమా లేకుండా పెట్టె పంపిన చిన్న వ్యాపారి పరిస్థితి ఏమిటన్నది ఆ నవ్వులో ఎవరికీ తట్టలేదు. పాఠం చెప్పేవారికి తట్టాలి.

తెలుగువాళ్ళకు ఇలా నవ్వుతో పాఠం చెప్పడానికి అమెరికా కార్టూన్ల దాకా వెళ్ళాల్సిన అవసరమే లేదు. నెలాఖరు రాగానే వాట్సాప్ గుంపుల్లో తిరిగే బొమ్మ ఏదో అందరికీ తెలుసు. 1987లో జంధ్యాల తీసిన 'అహ నా పెళ్ళంట'లో పిసినారి లక్ష్మీపతిగా కోట శ్రీనివాసరావు, వేలాడదీసిన కోడిని చూస్తూ వట్టి అన్నం తినే దృశ్యం అది. కోడి ఖర్చు కాలేదు, కూర తిన్న తృప్తీ మిగిలిందని ఆయన నమ్మకం. ఖర్చు తగ్గించడానికీ ఖర్చు ఎగ్గొట్టడానికీ తేడా చెప్పాలంటే ఈ ఒక్క బొమ్మ చాలు. యంత్రానికి మరమ్మతు మానేస్తే, పాత సాఫ్ట్‌వేర్‌తోనే నెట్టుకొస్తే, ఈ ఏడాది ఖాతాల్లో లాభం ఎక్కువ కనిపిస్తుంది. అమెరికాలో సౌత్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ సిబ్బంది డ్యూటీలు కుదిర్చే పాత కంప్యూటర్ వ్యవస్థను మార్చడం వాయిదా వేస్తూ వచ్చింది. 2022 డిసెంబరు మంచు తుపానులో ఏ పైలట్ ఎక్కడున్నాడో ఆ వ్యవస్థకు అందక 16 వేలకు పైగా విమానాలు రద్దయ్యాయి. నష్టం వంద కోట్ల డాలర్లు దాటింది, మరుసటి ఏడాది 14 కోట్ల డాలర్ల జరిమానా పడింది. లక్ష్మీపతి కోడి దగ్గర మొదలుపెట్టి ఈ లెక్క దాకా వస్తే, తరుగుదల నిధి ఎందుకు పక్కన పెట్టాలో బీకాం మొదటేడు విద్యార్థికీ అర్థమవుతుంది.

తెలుగు మీమ్‌కు మారుపేరుగా నిలిచిన బ్రహ్మానందం సినిమాల్లోకి రాకముందు అత్తిలిలో తెలుగు లెక్చరర్. ఆయన ముఖంలోని ఒక్కో భావం ఇవాళ తెలుగు రాని రాష్ట్రాల్లోనూ మీమ్‌గా తిరుగుతోంది. కానీ ఆ సంపద తరగతి గదిలోకి ఇంకా సరిగ్గా రాలేదు. ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కళాశాలల్లో 2021-22 నుంచి బోధనంతా ఇంగ్లీషు మాధ్యమంలోకి మారింది. అప్పటిదాకా తెలుగులో చదివి, వర్కింగ్ క్యాపిటల్, అక్రూవల్, డిప్రిసియేషన్ అనే మాటల్ని ఒక్కసారిగా మింగాల్సి వచ్చిన పిల్లలు పల్లెల్లో ఎందరో ఉన్నారు. వాళ్ళకు భావం ముందు సొంత భాషలో, నవ్వుతో అందాలి, ఆ పైన ఇంగ్లీషు మాట దాని మీద కూర్చోవాలి. తెలుగు మీమ్ ఆ పనికి సరిగ్గా సరిపోతుంది. దీన్ని లెక్చరర్లు చిన్నతనంగా భావించాల్సిన పనిలేదు.

కంపెనీలే జోకులేయడం మొదలుపెట్టాక పాఠం ఇంకాస్త చిక్కబడింది. ఆర్డరిస్తే భోజనం తెచ్చే జొమాటో 2019 జూలైలో, అప్పుడప్పుడు ఇంటి భోజనం కూడా తినాలర్రా అనే అర్థం వచ్చేలా హిందీలో ఒక ట్వీట్ పెట్టింది. తన వ్యాపారానికే ఎదురు మాట్లాడటంలోనే ఉంది అందులోని చమత్కారం. వెంటనే యూట్యూబ్ ఇండియా అప్పుడప్పుడు ఫోను పక్కన పెట్టి నిద్రపోండంది, ప్రైమ్ వీడియో కేబుల్ కూడా చూడండంది. అలా ఎన్నో సంస్థలు అదే వరసను కాపీ కొట్టాయి. అప్పుడప్పుడు సొంతంగా కూడా మంచి ట్వీట్లు ఆలోచించుకోవాలని చివరికి జొమాటోయే చురక వేసింది. పైసా ప్రకటన ఖర్చు లేకుండా వారం పాటు దేశం నోట నానింది.

మార్కెటింగ్ పాఠం అక్కడితో ముగించేవాళ్ళే ఎక్కువ. ఫైనాన్స్ పాఠం మాత్రం అక్కడే మొదలవుతుంది. అందరూ మెచ్చుకున్న ఆ రోజుల్లో జొమాటో నష్టాల్లో ఉంది. 2021 జూలైలో స్టాక్ మార్కెట్‌కు వచ్చినప్పుడూ నష్టాల్లోనే ఉంది. 2022-23లో 971 కోట్ల రూపాయల నష్టం చూపించింది, 2023-24లో తొలిసారి పూర్తి ఏడాదికి 351 కోట్ల లాభం చూపించింది. ఆ ఏడాది 'ఇతర ఆదాయం' వరుసలో 800 కోట్లకు పైగా ఉంది. షేర్లు అమ్మి తెచ్చిన సొమ్మును పెట్టుబడిగా పెడితే వచ్చిన రాబడే అందులో ప్రధానం. బిర్యానీ చేర్చి సంపాదించినదెంత, దాచిన డబ్బు మీద సంపాదించినదెంత అని విడదీసి చూడటం వచ్చిన విద్యార్థి ఇక ఏ కంపెనీ నివేదికనైనా చదవగలడు. జోకు చూపించిన రోజే వార్షిక నివేదికలో ఆ పేజీ కూడా తెరవాలి. రెండూ కలిస్తేనే పాఠం పూర్తవుతుంది.

హాస్యం దారి తప్పించే చోటు కూడా ఒకటుంది, దాన్ని దాచి మాట్లాడటం అన్యాయం. షేర్ మార్కెట్ మీద వచ్చే మీమ్‌లలో నష్టం ఒక ఆటలా కనిపిస్తుంది, లాభం ఒక హీరోయిజంలా కనిపిస్తుంది. ఇరవై ఏళ్ళ కుర్రాడు ఆ రెండింటినీ నిజమని నమ్మితే ఇంట్లో దాచిన డబ్బు పోతుంది. ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్‌లో దిగిన వ్యక్తుల్లో 93 శాతం మంది 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్ళలో నష్టపోయారనీ, ఆ నష్టాలన్నీ కలిపితే 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటాయనీ స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబరులో లెక్క తేల్చింది. ఈ అంకె మీద ఎవరూ మీమ్ చేయరు.

ఈ ప్రమాదాన్ని బోధించడానికి గేమ్‌స్టాప్ ఉదంతాన్ని మించింది లేదు. అది అమెరికాలో వీడియో గేమ్ డిస్కులు అమ్మే దుకాణాల సంస్థ. గేములన్నీ ఇంటర్నెట్లోనే దొరుకుతుంటే దాని పని అయిపోయిందని పెద్ద ఫండ్లు పందెం కట్టాయి. పందెం పద్ధతి ఇది: షేరును అప్పు తెచ్చి ఇవాళ్టి ధరకు అమ్మడం, పడ్డాక తక్కువకు కొని అప్పు తీర్చడం. దీన్నే షార్ట్ సెల్లింగ్ అంటారు. ధర పడకుండా పెరిగితే మాత్రం నష్టానికి హద్దుండదు. ఇలా అప్పు తెచ్చి అమ్మిన షేర్లు, మార్కెట్లో చేతులు మారగల షేర్లన్నిటికంటే ఎక్కువయ్యాయని చిన్న మదుపరులు పసిగట్టారు. సూటు వేసుకున్న బొమ్మ మనిషి వెనక బాణం పైకి లేస్తున్న 'స్టాంక్స్' మీమ్‌ను జెండాగా పట్టుకుని అందరూ కొనడం మొదలుపెట్టారు. 2021 జనవరి మొదట్లో 20 డాలర్లలోపు ఉన్న షేరు 28న ఒక దశలో 483 డాలర్లు తాకింది. అదే రోజు రాబిన్‌హుడ్ వంటి షేర్ ట్రేడింగ్ యాప్‌లు కొనుగోళ్ళను కట్టడి చేశాయి. ఫిబ్రవరి 19కి ధర సుమారు 40 డాలర్లు. పందెం కాసిన ఫండ్లలో ఒకటైన మెల్విన్ క్యాపిటల్ కోలుకోలేక మరుసటి ఏడాది మూతపడింది.

పెద్ద ఫండు ఓడిందని ఇంటర్నెట్ పండగ చేసుకుంది. 300 డాలర్లకు, 400 డాలర్లకు కొన్న సామాన్యుల డబ్బు ఎవరి చేతికి పోయిందన్నది ఆ పండగలో వినపడలేదు.

దేశంలో స్టాక్ మార్కెట్ పాఠాలు చెప్పేవారికి సెబీ 2025 జనవరిలో ఒక నిబంధన పెట్టింది. చదువు పేరుతో చిట్కాలు అమ్మకుండా, మూడు నెలల కంటే పాత ధరలనే ఉదాహరణలుగా వాడాలని. మీమ్‌లతో బోధించేవారికి ఇది అడ్డంకి కాదు, మేలే. గేమ్‌స్టాప్ చార్టు మొత్తం ముగిసిపోయిన కథ, ఎవరికీ కొనమనీ అమ్మమనీ చెప్పదు. దాన్ని బోర్డు మీద గీసి, ఏ రోజు ఎవరు కొన్నారు, ఎవరు అమ్మారు అని తేదీల వారీగా పిల్లలతోనే పూరింపజేయవచ్చు. ఆ పట్టికలో తరచూ మరిచిపోయే పేరు కంపెనీదే. గేమ్‌స్టాప్ అదే ఏడాది ఏప్రిల్‌లోనూ జూన్‌లోనూ కొత్త షేర్లు మార్కెట్లో అమ్మి సుమారు 168 కోట్ల డాలర్లు తెచ్చుకుని బ్యాంకులో వేసుకుంది.